రేణుకాదేవిని పిలుచుకు రమ్మన్నారు

ఆత్మకూరు పిల్లల ఆసుపత్రిలో హెన్రీ డాక్టరు చేయి పడితే జ్వరం దిగుతుందని చుట్టుపక్కల ఊళ్ల నమ్మకం. అలాంటి హెన్రీని ఒకనాడు సూపరింటెండెంటు ప్రేమానందం పిలిపించాడు.

"పిల్లల మెదడులో గడ్డలకి ప్రత్యేకంగా ఒక డాక్టరును పెట్టాలని ట్రస్టు వాళ్లు తీర్మానం చేసినారు. ఆపరేషన్ చెన్నైలో అయినా, ఆ తర్వాత మందులు, పరీక్షలు ఇక్కడే జరగాల. ఉదయగిరి ఓబులయ్య కూతురు రేణుకాదేవి ఉండాదే, ఆమెని అడుగుదాం. మీరిద్దరూ ఒకే బడిలో చదివినారంట గదా. నువ్వే పోయి ఒప్పించుకోని రా."

హెన్రీ గుండెలో నిప్పు పడ్డట్టయింది. ఉదయగిరి బడిలో మొదటి ర్యాంకు ఎప్పుడూ అతనిదే. గొర్రెలు మేపుకునే ఓబులయ్య కూతురిది రెండోది. ఆమెకు అర్థం కాని లెక్కలు అతనే చెప్పేవాడు. డాక్టర్లయ్యాక, ఆ మెదడు గడ్డల చదువు కోసం ముంబైలో ఇద్దరూ పరీక్ష రాశారు. సీటు ఆమెకు వచ్చింది. అప్పటినుంచి పేపర్లో ఆమె గురించి పడినప్పుడల్లా భార్య రూబీ చదివి వినిపించబోతే, పనుందని లేచిపోయేవాడు.

తమ్ముడి గృహప్రవేశానికి రేణుకాదేవి తాను పనిచేసే చెన్నై ఆసుపత్రి నుంచి ఉదయగిరి వచ్చింది. హెన్రీ అక్కడికే వెళ్లాడు. కొండకింద కొత్త ఇంటి వరండాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది.

"మీ ఆసుపత్రి ఎట్టుండాది హెన్రీ?"

అతను నిజాలే చెప్పాడు, కానీ ఏరుకొని చెప్పాడు. ఎమ్మారై తీయించాలంటే నెల్లూరు పోవాలన్నాడు. నర్సులు నిలవరన్నాడు. కొత్త వార్డు తయారైందని చెప్పలేదు. ఈ పనికోసమే ఇద్దరు నర్సులను శిక్షణకు పంపారనీ చెప్పలేదు.

"ఈ పక్కనుంచి ఇట్టాంటి బిడ్డలు ఎంతమంది వస్తారు?"

"ఏడాదికి ఒకరో ఇద్దరో."

అది మాత్రం పచ్చి అబద్ధం.

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఒకరిద్దరి కోసం అక్కడి వార్డు వదిలి రావడం న్యాయం కాదులే."

"నేనూ అదే అనుకున్నాను," అన్నాడు హెన్రీ. మిగిలిన మజ్జిగ చల్లగా గొంతు దిగింది.

అతను లేవబోతుండగా పక్కవీధి రామలక్ష్మమ్మ తన మనవరాలు లిఖితను వెంటబెట్టుకొని వచ్చింది. డాక్టరమ్మకు చూపిద్దామని వచ్చిన మనిషి, హెన్రీని చూసి చేతులు జోడించింది.

"అమ్మా, మా బిడ్డ తెల్లారి లేస్తానే వాంతులు చేసుకుంటా ఉంటే అందరూ కడుపులో పురుగులన్నారు. ఈ సారు బిడ్డ తల వాల్చి నడవడం చూసి, ఆరోజే స్కానుకి పంపినాడు. గడ్డ బయటపడింది. ఆపరేషన్ అయింది. ఇప్పుడు మందులకి చెన్నై తిరగతా ఉండాం."

"మీరొక్కరేనా?" అని అడిగింది రేణుకాదేవి.

"ఒక్కరమా? కలిగిరి పిల్లోడు, ఏఎస్ పేట పాప, ఇంకా ఎంతమందో. అందరినీ ఈ సారే పంపినాడు. అంతదూరం తిరగలేక మానేసినోళ్లూ ఉండారు. మర్రిపాడు మస్తాన్ కొడుకు అట్ట మానేసినాకే పోయినాడు."

మస్తాన్ కొడుకు పోయాడని హెన్రీకి తెలియదు. మళ్లీ రాలేదంటే నయమైందనుకున్నాడు. లేవబోయినవాడు మళ్లీ కూర్చున్నాడు.

రేణుకాదేవి లిఖిత తలవెనక కుట్ల మచ్చ తడిమి చూసింది. కాసేపు నడిపించింది. వాళ్లు వెళ్లాక గొంతు పెంచకుండా అడిగింది.

"ఒకరో ఇద్దరో అన్నావే."

"అన్నాను."

"ఎందుకు?"

"నువ్వొస్తే ఇంక నన్నెవరు చూస్తారు? ఆ సీటు నీకొచ్చిన కాడినుంచి నీ పేరు వింటేనే నాకు కడుపుమంట."

"నీ కడుపుమంటకి బిడ్డల్ని అడ్డం పెడతావా?"

హెన్రీ కొత్త వార్డు సంగతీ, నర్సుల సంగతీ చెప్పాడు. చివరికి, "నువ్వు రావాల, రేణుకా," అన్నాడు.

ఆమె పది రోజుల తర్వాత ప్రేమానందానికి ఫోన్ చేసి వస్తానంది.

వానలు మొదలయ్యాక ఆమె చేరింది. ఒక ఉదయం కొత్త వార్డులో ఒక బిడ్డకు నరం దొరక్క నర్సులు అవస్థ పడుతుంటే ఆమె హెన్రీని పిలిపించింది. అతను ఆ చిన్న చేతిని తన అరచేతుల్లో వెచ్చబెట్టి, నెమ్మదిగా సూది దించాడు. మందు ఎక్కడం మొదలైంది.

బయట నిలబడ్డ తల్లి అతన్ని దాటుకొని లోపలికి పరుగెత్తి రేణుకాదేవి కాళ్లకు దండం పెట్టింది. హెన్రీకి చురుక్కుమంది. ఆ మంట ఏమాత్రం తగ్గలేదని అతనికే తెలిసింది. గుమ్మందగ్గర ఆగి, తర్వాతి బిడ్డకు కూడా తననే పిలవమని నర్సుతో చెప్పి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.