పక్క ల్యాబును అడిగిన రోజు

పాఠకులారా, అబిడ్స్‌కు వెళ్ళి చీరలూ చెప్పులూ కొనుక్కునేవాళ్ళకు గన్‌ఫౌండ్రీ వైపు తిరిగే ఒక సందు కంటికి ఆనదు. అందులో వరసగా నాలుగు రక్తపరీక్షల ల్యాబులున్నాయి. రోజూ పదింటికి ఆసుపత్రి చెత్త తీసుకుపోయే బండి వస్తుంది. నాలుగు ల్యాబుల టెక్నీషియన్లూ పసుపు సంచులు పట్టుకుని దాని ముందు నిలబడతారు. అందరిదీ ఒకే చదువు, ఒకే పని. అయినా ఒకరి మొహం ఒకరు చూసుకోరు. పక్కవాళ్ళతో మాటలు కలిపితే, తమకు పేషెంట్లను పంపే డాక్టర్ల పేర్లు బయటికి పొక్కుతాయని యజమానుల భయం. మూడేళ్ళుగా అక్కడ పనిచేస్తున్న దివ్యశ్రీకి మిగతా ముగ్గురి పేర్లు కూడా తెలియవు. ఇంతకన్నా చోద్యం ఉంటుందా?

ఆ మంగళవారం ఆటో నడిపే బీరయ్య రిపోర్టు కాగితం ఊపుకుంటూ వచ్చాడు.

"ఏందమ్మా గిది? షుగర్ నూటపది అని రాసిస్తివి. తగ్గిందని ఖుషీల గోలీలు బంద్ పెట్టిన. కండ్లు తిరిగి పడితే దవాఖానల మూడొందలున్నదన్నరు! పిల్లలు గలవాణ్ని, జర సూసి రాయొద్దా?"

దివ్యశ్రీ ఆ కాగితం అందుకుని అంకె సరిచూసుకోబోయింది. ల్యాబు యజమాని రామచందర్ మాత్రం అందరి ముందే తేల్చేశాడు. "నీ చెయ్యే మంచిగ లేదు. శనివారంతోని నీ పని బంద్."

ఇలాంటి పేరు మోసుకుని వెళ్తే ఏ ల్యాబూ గడప తొక్కనివ్వదు. ఆమెకు తెలిసింది ఈ ఒక్క పనే.

రామచందర్‌కు తెలియని సంగతి ఒకటుంది. ల్యాబులో రోజూ పొద్దున్నే, విలువ ముందే తెలిసిన సీరంతో మెషీన్‌ను పరీక్షిస్తారు. నెల రోజులుగా అందులో షుగర్ తక్కువ చూపిస్తోంది. లోపం తనదేననుకుని దివ్యశ్రీ ఎవరికీ చెప్పలేదు. మెషీన్‌లో ఫ్యాక్టర్ అనే అంకె ఒకటుంటుంది, కొలిచినదాన్ని దానితో గుణించే రిపోర్టు ఇస్తుంది. దాన్ని కాస్త పెంచితే అంతా సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. పెంచింది. నాలుగు రోజులాగి మళ్ళీ పెంచింది. మామూలు షుగర్ ఉన్నవాళ్ళకు రిపోర్టు కుదిరింది గానీ, ఎక్కువున్నవాళ్ళకు తప్పు వస్తూనే ఉంది. చదువుకున్నవాళ్ళు సిగ్గు దాచుకోవడానికి ఎంత పనైనా చేస్తారు!

ఇంట్లో బాబాయి వెంకటేశ్వర్లు ధైర్యం చెప్పాడు. "కంగారు పడకమ్మా, మన కృష్ణా జిల్లా వాళ్ళ సంఘం ఉంది కదా. ప్రెసిడెంటు గారితో మాట్లాడతాను."

"వాళ్ళలో టెస్ట్‌ట్యూబు పట్టినవాళ్ళు ఎవరున్నారు బాబాయ్?" అని అడిగింది దివ్యశ్రీ.

మర్నాడు చెత్తబండి దగ్గర, మూలనున్న ల్యాబులో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న పెద్దావిడ పక్కన నిలబడి, గుండె చిక్కబట్టుకుని అడిగేసింది.

"అమ్మా, మీరు షుగర్‌కి ఫ్యాక్టర్ ఎంత పెడుతున్నారండీ?"

టెక్నీషియన్‌ను ఆ మాట అడగడమంటే, వంటమనిషిని నీ కూర మాడిందా అని అడగడమే. పెద్దావిడ, ఆమె పేరు లక్ష్మీనర్సమ్మ, దివ్యశ్రీని ఎగాదిగా చూసింది. తరవాత గొంతు తగ్గించింది.

"నీది గూడ తగ్గుతున్నదా బిడ్డా? నేను నెల సంది పెంచుతనే ఉన్న. ముసలిదాన్నైతున్న, చెయ్యి వణుకుతున్నదేమో అనుకున్న."

వెనకనున్న సుశాంత్ ఉండబట్టలేకపోయాడు. "నేను గూడ అక్కా. కొత్తోణ్ని గదా, నాకే పని వస్తలేదనుకున్న."

నాలుగో ల్యాబు మృదుల తన ల్యాబులోకి పరుగెత్తి షుగర్ పరీక్షకు వాడే మందు సీసా పట్టుకొచ్చింది. తక్కిన ముగ్గురూ తమ సీసాలు తెచ్చారు. నాలుగింటి మీదా ఒకే లాట్ నంబరు, అంటే ఒకే విడతలో తయారైన మందు. కోఠిలోని ఒకే పంపిణీదారు దగ్గర కొన్న సరుకు.

నలుగురూ కలిసి రామచందర్ ముందు నిలబడ్డారు.

"మీరంతా గీడికెందుకొచ్చిన్రు?" అన్నాడాయన.

"పిల్ల చెయ్యి మంచిగనే ఉన్నది సార్. మందే ఖరాబైంది. మీ కండ్లతోనే సూడుండ్రి," అంది లక్ష్మీనర్సమ్మ.

మృదుల దగ్గర పాత లాట్ సీసా ఒకటి మిగిలి ఉంది. బీరయ్యను పిలిపించి, ఆయన రక్తాన్నే రెండు మందులతోనూ పరీక్షించారు. కొత్తది నూటపద్దెనిమిది అంది, పాతది రెండొందల తొంభై. రామచందర్ అక్కడికక్కడే కోఠికి ఫోన్ చేశాడు. గోడౌన్‌లో ఫ్రిజ్ చెడిపోయి మందు రోజుల తరబడి వేడికి ఉడికిందని పంపిణీదారు ఒప్పుకుని సరుకంతా వెనక్కి తీసుకున్నాడు. నాలుగు ల్యాబులూ ఆ నెల పేషెంట్లందరికీ ఫోన్లు చేసి, ఉచితంగా మళ్ళీ పరీక్షలు చేశాయి.

"మాట తొందరపడ్డ బిడ్డా. గీడ నువ్వే ఉండాలె," అన్నాడు రామచందర్. దివ్యశ్రీ కళ్ళనీళ్ళు తుడుచుకోవడం మరిచిపోయి నవ్వింది.

రెండు నెలలు తిరిగేసరికి ఒక ఆదివారం నాంపల్లిలోని ఒక హాలు నిండిపోయింది. తమకంటూ ఒక సంఘం పెట్టుకోవడానికి అబిడ్స్ నుంచీ కోఠి నుంచీ అరవైమంది టెక్నీషియన్లు వచ్చారు. రామచందర్ స్వయంగా కుర్చీలు వేయించాడు. దివ్యశ్రీని వేదిక మీదికి పిలిస్తే చప్పట్లు ఎంతకీ ఆగలేదు. అప్పుడు లక్ష్మీనర్సమ్మ మైకు అందుకుంది.

"ముప్పై ఏండ్లు పక్క ల్యాబు పిల్ల పేరడగలే నేను. సిగ్గుతోని నేను నోరు మూసుకుంటే గాడ బీరయ్య పానం మీదికొచ్చింది. ఈ పిల్ల ఒక్క మాట అడిగింది, నలుగురి కొలువులు నిలబడ్డయి, ఎంతమంది పానాలో దక్కినయి. ఇగ మీకు ఏ మెషీన్ మీద అనుమానమొచ్చినా, ముందుగాల పక్క ల్యాబును అడుగుండ్రి. గా అడుగుడే మన సంఘం."