నాలుగు నిమిషాల కల్నల్

ఆ వీధిలో టైలరమ్మ భర్తని అందరూ మేజరు గారంటారు. సైన్యంలో పనిచేసి రిటైరయ్యాడేమోనని పొరబడేరు. ఆయన ముప్ఫై ఏళ్ళపాటు బీమా కంపెనీలో కూచుని, పోయినవాళ్ళు నిజంగానే పోయారా, కాగితాల మీద సంతకాలు నిజంగా వాళ్ళవేనా అని భూతద్దం పెట్టి చూసిన మనిషి. తుపాకీ మాట దేవుడెరుగు, గోడ మీద బల్లి కనబడితే భార్యని కేకేస్తాడు. మరి మేజరెలా అయ్యాడంటే, సైన్యం వాడి వదిలేసిన పాతకాలపు ట్రక్కుల్ని ఎక్కడెక్కడినుంచో వెతికి ఇంటికి తెస్తాడు. తేవడం అనకూడదట. రక్షించడం అనాలట.

"ఎక్కడ కొన్నారండీ?" అని ఎవరైనా పాపం మర్యాదకి అడిగితే ఆయన మొహం మాడిపోతుంది. "కొనలేదు, రక్షించాం" అంటాడు. ఆ బహువచనంలో రెండోవాడు పళ్ళ డాక్టరు. వారమంతా జనం నోళ్ళల్లో చూసి చూసి విసుగెత్తి, ఆదివారం పూట బానెట్లలోకి చూసే మనిషి. ఇద్దరూ కలిసి పొద్దున్నే బయల్దేరి మూతపడ్డ ఇటుకబట్టీల వెనకా, పాడుబడ్డ క్వారీల్లోనూ ముళ్ళకంపల్లో దూరి వెతుకుతారు. సాయంత్రానికి చొక్కాలు చింపుకుని, మోచేతులు గీరుకుపోయి, మొహాలు మాత్రం చేటంత చేసుకుని తిరిగొస్తారు. ఆ చొక్కాలు కుట్టేది ఎవరో వేరే చెప్పాలా?

మొదట రక్షించినదాని బానెట్లోంచి ఒక చెట్టు నిటారుగా మొలిచి ఉంది. చెట్టుని కొట్టేసి ట్రక్కుని కాపాడారు. రెండోదాంట్లో ఇరవై కోళ్ళు హాయిగా కాపురముంటున్నాయి. వాటిని వీధిన పడేసి ట్రక్కుని కాపాడారు. కోళ్ళని ఎవరు కాపాడాలో వాళ్ళు ఆలోచించినట్టు లేదు. మూడోది క్వారీ గుంటలో సగందాకా బురదలో కూరుకుపోయి దొరికింది. దాన్ని పైకి లాగడానికి రెండు క్రేన్లు, ఒక రోజంతా పట్టింది. బురద కడిగాక తలుపు మీద సింహాల ముద్రా రెండు నక్షత్రాలూ కనబడ్డాయని దానికి కల్నల్ అని పేరు పెట్టుకున్నారు. ఆ విధంగా ఇంట్లో మేజరు గారికి పైఅధికారి వచ్చాడు. అంతకు ముందు ఆ పదవి టైలరమ్మది.

ఆవిడ మాత్రం దాన్ని కల్నల్ అని ఏనాడూ అనలేదు. "మా సవతి" అంటుంది.

ఊరికే అనదు. ఇంటి వెనకగదిలో కిటికీ పక్కన ఆవిడ కుట్టుమిషను ఉంది. ఇంజన్ని పైకెత్తి దించడానికి గొలుసు వేలాడదియ్యాలంటే ఒక గట్టి ఇనప దూలం కావాలి. ఆ ఇంటి మొత్తానికీ అలాంటి దూలం ఒక్కటే, సరిగ్గా ఆ కిటికీ పైన, పెరట్లోకి పొడుచుకొచ్చి ఉంది. అందుకని ఏడేళ్ళ కిందట కల్నల్‌ని తెచ్చి కిటికీకి అడ్డంగా నిలబెట్టారు. "రిపేరయ్యేదాకా సర్దుకోవే. నడవగానే పక్కకి తీసేస్తా" అన్నాడాయన. ఆ రోజునుంచీ టైలరమ్మ పట్టపగలు ట్యూబులైటు వేసుకుని కుడుతోంది. సూదిలో దారం ఎక్కించడానికి వరండాలోకి వెళ్తుంది, ఎక్కించి లోపలికొస్తుంది, తెగితే మళ్ళీ వెళ్తుంది.

పోనీ అది అస్సలు నడవని బండి అయితే ఆశ వదులుకుని ఊరుకునేది. కల్నల్ అలా కాదు. ముందు భాగంలో ఇనప హ్యాండిల్ దూర్చి నాలుగుసార్లు తిప్పితే గర్రుమని లేస్తుంది. వీధంతా దద్దరిల్లుతుంది, మేజరు గారి కళ్ళు చెమరుస్తాయి, పళ్ళ డాక్టరు ఫోను తీసి వీడియో పడతాడు. సరిగ్గా నాలుగు నిమిషాలు. తర్వాత ఒక దగ్గు, రెండు దగ్గులు, ఇక చప్పుడుండదు.

ఏడేళ్ళలో వాళ్ళు మార్చని భాగం లేదు. కార్బురేటరు మార్చారు, కాయిలు మార్చారు, పెట్రోలు పంపు మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించారు. ఆగిన ప్రతిసారీ పెట్రోలు ఉందో లేదోనని ట్యాంకు మూత తీసి చూస్తారు. నిండా ఉంటుంది. మూత బిగించి, ఏదో ఒక భాగం విప్పి తుడిచి పెడతారు. బండి మళ్ళీ లేస్తుంది. "అదీ! దొరికింది దొంగ!" అని చేతులు కలుపుకుంటారు. నాలుగు నిమిషాలకి దొంగ మళ్ళీ తప్పించుకుంటాడు. ఓసారి హ్యాండిల్ వెనక్కి తన్ని మేజరు గారి బొటనవేలు విరిగితే, కట్టు కట్టించుకుంటూ కూడా "ఈసారి నాలుగు నిమిషాల పది సెకన్లు నడిచింది తెలుసా" అన్నాడు. ఆ మనిషితో ఏం మాట్లాడతాం?

నడక సంగతి ఎలా ఉన్నా సోకుకి లోటు లేదు. అసలు సిసలు సైన్యం ఆకుపచ్చ రంగు కోసం ఇద్దరూ రెండు నెలలు డబ్బాలు కలిపారు. కలిపినది అయిదు పూతలు వేశారు. ప్రతి మరమేకుకీ, అద్దం చట్రానికీ, ఆఖరికి పెట్రోలు ట్యాంకు మూతకి కూడా అయిదేసి పూతలు.

టైలరమ్మ ఓర్పు తెగిపోయింది ఒక లాయరు కోటు దగ్గర. నల్ల కోటు చేతికి ఆవిడ ముదురు నీలం దారంతో కుట్టేసింది. ట్యూబులైటు కింద రెండూ ఒకలాగే కనబడ్డాయి. లాయరు కోటు వరండాలోకి తీసుకెళ్ళి, ఎండలో పట్టుకుని చూసి, నలుగురు ఖాతాదారుల ముందు, "కళ్ళు తగ్గుతున్నట్టున్నాయమ్మా, పని తగ్గించుకోరాదూ?" అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా కుడుతున్న ఆవిడకి తల కొట్టేసినట్టయింది. వాళ్ళంతా వెళ్ళాక ఒక తెల్లకాగితం తీసి, ఎడంచేత్తో మున్సిపాలిటీకి దరఖాస్తు రాసింది. ఫలానా ఇంటి పెరట్లో నాలుగు పాత ట్రక్కులు తుక్కుగా పడున్నాయనీ, దయచేసి తీయించమనీ. కింద "ఒక బాధ్యతగల పౌరుడు" అని సంతకం.

మున్సిపాలిటీ వాళ్ళు ఏ దరఖాస్తుకీ కదలరు కదా, దీనికి మాత్రం పరుగెత్తుకుంటూ వచ్చారు. పైగా నోటీసుతోపాటు ఆ దరఖాస్తు నకలు కూడా జతచేసి ఇచ్చారు. మేజరు గారు దాన్ని మూడుసార్లు చదువుతుంటే టైలరమ్మ మడతపెట్టిన చొక్కానే మళ్ళీ మడతపెట్టింది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నడిచేవి వాహనాలు, నడవనివి తుక్కు. రూలంతే" అన్నాడు ఇన్‌స్పెక్టరు. మంచివాడే, పళ్ళ డాక్టరు బతిమాలితే కాస్త మెత్తబడ్డాడు. "ఒక్కటి చూపించండి చాలు. గేటునుంచి పోస్టాఫీసు దాకా వెళ్ళి తిరిగి రావాలి. వస్తే మిగతావాటికి ఏడాది గడువిస్తా. మధ్యలో ఆగితే అన్నీ లారీ ఎక్కుతాయి. గురువారం పదింటికి వస్తా."

పోస్టాఫీసు దాకా పోయి రావడానికి పది నిమిషాలు. కల్నల్ ఊపిరి నాలుగు. చిన్నపిల్లలకి కూడా తెలిసిన లెక్క. మేజరు గారు తిండి మానేసి ట్రక్కు కింద పడుకున్నాడు. టైలరమ్మ మనసులోనే కిటికీకి లేత రంగు పరదా కొలతలు వేసుకుంది.

మంగళవారం మధ్యాహ్నం వంటకి కొత్త నూనె డబ్బా తీసింది. మూత మూలకి మేకుపెట్టి ఒక చిల్లు పొడిచి వంచితే, కాస్త నూనె గుటగుటమని పడి ఆగిపోయింది. మామూలే. గాలి పోయే దారి లేకపోతే నూనె వచ్చే దారి ఉండదు. రెండో మూల ఇంకో చిల్లు పొడిచింది. నూనె ధారగా కారింది. కారుతుంటే ఆవిడ చెయ్యి గాల్లో ఆగిపోయింది, గిన్నె నిండి గట్టంతా నూనె అయింది.

మెల్లిగా పెరట్లోకి వెళ్ళింది. ఆ ఇద్దరి దళం అప్పుడు ప్లగ్గులు కొనడానికి బజారుకి వెళ్ళి ఉంది. ట్రక్కు పక్కన ట్యాంకు మూత ఆకుపచ్చగా మెరిసిపోతోంది. దాని మధ్యలో వేలుపెట్టి తడిమింది. ముప్ఫై ఏళ్ళు గుడ్డ మీద కుట్టు తడిమిన వేలు అది, దానికి కళ్ళతో పనిలేదు. రంగు కింద సూది మొనంత గుంట తగిలింది. గాలి పోవడానికి ఎవడో బుద్ధిమంతుడు పెట్టిన చిల్లు. ఈ ఇద్దరు బుద్ధిమంతులూ అయిదు పూతలేసి దాన్ని పూడ్చేశారు. ఆగినప్పుడల్లా వీళ్ళు మూత తీస్తారు, గాలి లోపలికి పోతుంది, బండికి ప్రాణం లేచొస్తుంది. వీళ్ళేమో కార్బురేటరుకి దండాలు పెడతారు.

"హారి మీ తెలివి తెల్లారా!" అంది పైకే.

జాకెట్టుకి గుచ్చిన సూది తీసింది. పొడవబోయి ఆగింది. పొడిస్తే కల్నల్ ఇంట్లోనే ఉంటుంది. పొడవకపోతే గురువారం కిటికీలోంచి ఎండొస్తుంది. ఏడేళ్ళు సర్దుకుంది, ఇంకా ఎందుకు సర్దుకోవాలి? ఆవిడేం పాపం చేస్తోంది, ఊరికే నోరు మూసుకుంటోంది, అంతేగా. సూదిని మళ్ళీ జాకెట్టుకి గుచ్చుకుని లోపలికెళ్ళి గట్టు తుడుచుకుంది.

ఆ రెండు రోజులూ ఆవిడకి ఏదీ సయించలేదు. కాలరు తిరగేసి కుట్టింది, విప్పింది, మళ్ళీ తిరగేసే కుట్టింది. దానికి మాత్రం ట్యూబులైటుని తిట్టలేకపోయింది.

గురువారం పొద్దున మేజరు గారు ఖాకీ చొక్కా వేసుకుని, అద్దం ముందు నిలబడి బొత్తాలు పెట్టుకుంటూ, "ఇవాళ ఏదైతే అదయిందిలే. కల్నల్ పోతే నీ కిటికీ నీకొస్తుంది. అదైనా మంచిదే" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు.

"ఏడేళ్ళకి గుర్తొచ్చిందా నా కిటికీ?" అని కసిరింది. కసిరింది కానీ పైబొత్తాం తనే పెట్టింది.

పదింటికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పళ్ళ డాక్టరు హ్యాండిల్ తిప్పాడు. కల్నల్ గర్రుమని లేచి, ఏడేళ్ళలో మొదటిసారి గేటు దాటి వీధిలోకి నడిచింది. ఇస్త్రీ బండివాడు చేతిలో పెట్టె వదిలేసి చూశాడు. బడ్డీకొట్టాయన చప్పట్లు కొట్టాడు. స్టీరింగు వెనక మేజరు గారు మెడ నిక్కించి కూచున్నాడు. వెనకాల ఇన్‌స్పెక్టరు, డాక్టరు నడుస్తున్నారు. వాళ్ళ వెనకాల, రానంటూనే, టైలరమ్మ.

పోస్టాఫీసు ఎదురుగా కనబడుతుండగా ఒక దగ్గు. రెండు దగ్గులు. ఆగింది.

మేజరు గారు కిందికి దిగాడు. బానెట్ తెరవలేదు, సంచిలోంచి స్పానరు తియ్యలేదు. వంకర తిరిగిన బొటనవేలితో ట్రక్కు మడ్గార్డుని ఓసారి నిమిరి, "సరే అయితే" అన్నాడు, ఎవరితోనో తెలీకుండా. అంతసేపూ నిక్కించిన మెడ వాలిపోయింది. ఇన్‌స్పెక్టరు మొహమాటంగా దగ్గి పెన్ను తీశాడు.

ఆ వాలిన మెడ చూసేసరికి టైలరమ్మకి ఏడుపొచ్చినంత పనయింది. ఏడుపు కన్నా ముందు కోపమొచ్చింది, ఆయన మీదా, తన మీదా, ఆ ఆకుపచ్చ రంగు మీదా.

"రాయకండి, ఆగండి!" అంటూ మధ్యలోకొచ్చింది. జాకెట్టుకున్న లావుపాటి సూది తీసి, ట్యాంకు మూత నడిమధ్య గుచ్చి, గిర్రున తిప్పి లాగింది. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు నలుగురికీ వినబడింది. "ఇప్పుడు తిప్పండి" అంది.

"ఏం చేశారమ్మా?" అన్నాడు పళ్ళ డాక్టరు నోరు తెరిచి.

"మీరు నోట్లో చెయ్యి పెట్టినప్పుడు మనిషిని ఊపిరి పీల్చుకోనిస్తారు కదా డాక్టరు గారూ? దీన్నీ పీల్చుకోనిచ్చాను. ఏడేళ్ళుగా దీని ముక్కుకి రంగేసి కూచున్నారు మీరిద్దరూ."

డాక్టరు హ్యాండిల్ తిప్పాడు. కల్నల్ లేచింది. పోస్టాఫీసు దాటింది, వంపు తిరిగింది, వెనక్కొచ్చింది. నాలుగు నిమిషాలు అయ్యాయి, ఎనిమిది అయ్యాయి, పదిహేను అయ్యాయి. ఇన్‌స్పెక్టరు దారిలో ఆగిన సంగతి చూడనట్టే కాగితం మీద "వాహనం" అని రాసి, తనూ ఓసారి ఎక్కి వీధి చివరిదాకా వెళ్ళొచ్చాడు.

టైలరమ్మ వెనకగదిలోకెళ్ళి మిషను ముందు కూలబడింది. చేజేతులా చేసుకుంది, ఎవర్నని ఏం లాభం? కాసేపటికి పెరట్లో గర్జన వినబడింది. మేజరు గారు అలవాటు కొద్దీ ట్రక్కుని తెచ్చి సరిగ్గా కిటికీకి అడ్డంగా పెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు ఒక్క క్షణం ఆగాడు. మళ్ళీ గేరు వేసి, ఆ చివర ప్రహరీగోడ దాకా తోలి ఆపాడు.

ఎండ గదిలోకి వచ్చింది. మిషను మీదా, గుడ్డల మీదా, ఏడేళ్ళుగా ఎవరికీ కనబడని దుమ్ము మీదా పడింది. ఆవిడ సూది ఎత్తి పట్టుకుని నల్లదారం ఎక్కించింది. మొదటిసారికే ఎక్కింది.

కిటికీ చువ్వల అవతల ఆయన తల కనబడింది. చేతిలో మడతలు పడ్డ కాగితం.

"ఈ దరఖాస్తులో ఒక తప్పుందే" అన్నాడు.

ఆవిడ చేతిలో సూది ఆగిపోయింది.

"నాలుగు ట్రక్కులని రాశావు. మూడే ట్రక్కులు. నాలుగోది ట్రైలరు."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"మొదటిరోజే. ముప్ఫై ఏళ్ళు దొంగ సంతకాలు పట్టుకున్నవాణ్ణి. ఎడంచేత్తో రాస్తే మాత్రం 'ట' కి నువ్వు పెట్టే కొక్కెం ఎక్కడికి పోతుంది?"

ఆవిడ దారం మొన కొరికి, ముడి వేసి, గుడ్డ మిషను కింద సర్దుకుంది. కిటికీ బయట ఖాళీ జాగాని ఆయన అటొకసారి ఇటొకసారి అడుగులేసి కొలుస్తుండటం ఆవిడ కంట పడింది. అవతల పళ్ళ డాక్టరు ఫోనులో, పాడుబడ్డ రంపపుమిల్లు వెనక ఇంకోటి ఉందని ఎవరితోనో ఉత్సాహంగా చెబుతున్నాడు.

"ఈసారి సరిగ్గా లెక్కపెట్టి రాస్తాలెండి" అంది టైలరమ్మ.