ఇంట్లో కోర్టు

చిన్నక్క ఎడమచేతి వేళ్లు రెండు రంపం కింద పోయాయి. ప్రమాదం అన్నారు అందరూ. ఎలా జరిగిందో కూడా అందరికీ తెలుసు. కోత మిషను మీద తిరిగే రంపాన్ని కప్పి ఉంచే ఇనుప మూతను ముందురోజే మేస్త్రీ విప్పి గోడకు ఆనించాడు. మూత ఉంటే లావు చెక్కలు నెమ్మదిగా గాని కదలవు. ఆర్డరేమో తొందరలో ఉంది. మూత ఉండి ఉంటే వేళ్లు పోయేవి కావు. ఇందులో ఎవరికీ అనుమానం లేదు, దాపరికమూ లేదు. లేనిదల్లా ఆ మాట పైకి అనే మనిషి.

వాళ్లంతా ఒకప్పుడు ఒకే కుర్చీల ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లు. అక్కడ ఎదురు మాట్లాడినవాడికి మర్నాడు గేటు దగ్గరే టిఫిను డబ్బా చేతికిచ్చి పంపేసేవారు. అది మూతపడ్డాక, అందులో పెద్ద వడ్రంగిగా చేసిన పెద్దాయన కొన్ని కుటుంబాలను పోగుచేసి, ఊరి చివర ఒక పాత గోడౌను తీసుకున్నాడు. కింద వర్క్‌షాపు, వెనక అందరికీ ఒకటే వంటగది, పైన వరసగా గదులు. యజమాని లేడు. వచ్చింది అందరూ సమానంగా పంచుకునేవారు. ఏ పనైనా ఎవరైనా నేర్చుకోవచ్చు. అప్పటిదాకా ఫ్యాక్టరీలో కుర్చీల దిండ్లు కుట్టిన చిన్నక్క అలాగే కోత మిషను దగ్గరికి చేరింది. చెక్క రంపంలోకి దిగేటప్పుడు లేచే కమ్మటి వాసన ఆమెకు ఇష్టం. సాయంత్రం తల దులుపుకుంటే పొట్టు రాలేది. "నీ తల్లో సగం మంచముంది" అని మొగుడు వేళాకోళం చేసేవాడు.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమెను అందరూ అపురూపంగా చూసుకున్నారు. వంటగది ఆడవాళ్లు వంతులేసుకుని జడ వేశారు. వాటాలో పైసా తగ్గించలేదు. ప్యాకింగు గదిలో కూర్చుని చేసే పని ఇచ్చారు. పెద్దాయన మేనల్లుడైన మేస్త్రీ కూడా పళ్లు పట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, ఆ కట్టు తప్ప గదిలో ఉన్నవన్నీ చూశాడు.

"జాగ్రత్తగా ఉండాలి వదినా" అని వెళ్లిపోయాడు.

ఆ మాట ఆమెకు కట్టు కింద పోటు కన్నా ఎక్కువ సలిపింది.

ఆదివారం సాయంత్రం వంటగదిలో చాపల మీద అందరూ కూర్చుని వారం పనులు మాట్లాడుకోవడం అలవాటు. కట్టు విప్పిన వారం చిన్నక్క లేచి నిలబడింది.

"ఆ మూత ఎందుకు తీశారో, తియ్యమని ఎవరన్నారో నాకు చెప్పండి."

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మెత్తటి మనిషి. ఎవరి మీదా గొంతు పెంచినవాడు కాదు.

"అమ్మాయ్, నీ బాధ మా అందరి బాధా. కాని ఇది ఫ్యాక్టరీ కాదు, ఇల్లు. ఇంట్లో కోర్టులుండవు. ఒకళ్ల మీద ఒకళ్లు వేలెత్తి చూపించుకోవడం మొదలెడితే..." అని, నోరు జారిన సంగతి తెలిసి ఆగిపోయాడు.

"ఫర్వాలేదు మావయ్యా. ఎత్తి చూపడానికి కుడిచేతివి బాగానే ఉన్నాయి" అంది చిన్నక్క.

ఎవరో దగ్గారు. ఇంకెవరో నీళ్ల ట్యాంకు కారుతోందన్న సంగతి ఎత్తారు. మాట అటు మళ్లిపోయింది.

గదికి వచ్చాక మొగుడు తలుపు దగ్గరగా వేసి అన్నాడు. "వాడేం కావాలని చేశాడా? ఇప్పుడు నలుగురిలో నిలబెడితే నీ వేళ్లు మొలుస్తాయా?"

"మొలవవు."

"మరి దేనికి?"

"ఇంకొకరివి తెగకుండా ఉండడానికి అంటే నువ్వు చప్పున ఒప్పుకుంటావు. అందుకూ కావాలి. కాని నాకు ముందు కావాల్సింది అది కాదు. నాకు జరిగింది అన్యాయమని ఒక్కరైనా అనాలి. వాన పడి తడిశామనుకో, ఎవర్ని అడుగుతాం? ఇది వాన కాదు."

మూల కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తున్న అత్త తల ఎత్తి కోడలి వైపు ఒకసారి చూసి, మళ్లీ పనిలో పడింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం చిన్నక్క లేచేది, అదే అడిగేది. ఆమె లేవబోతుంటేనే ఎవరో ఒకరు ఇంకో సంగతి అందుకోవడం నేర్చుకున్నారు. మెల్లగా జడలు వేసే వంతులు ఆగిపోయాయి. "ఎంత చేసినా మనసులో పెట్టుకుంది" అన్నారు. "ఆవిడకు అంతా కలిసి ఉండడం ఇష్టం లేదు" అని కూడా అన్నారు. ఆ మాటకు మాత్రం ఆమెకు ఒళ్లు మండింది. ఈ గోడౌను కప్పు వేసేటప్పుడు రేకులు మోసినవాళ్లలో తనూ ఉంది.

ఒకరోజు పొద్దున ప్యాకింగు అట్టల కోసం మిషన్ల గదిలోకి వెళ్లిన చిన్నక్క గుమ్మంలోనే ఆగిపోయింది. ఇనుప మూత మళ్లీ గోడకు ఆనించి ఉంది. రంపం ముందు నిలబడి చెక్క తోస్తున్నది మేస్త్రీ పెళ్లామే.

చిన్నక్క ఎవరినీ కేకెయ్యలేదు. తిన్నగా గోడ దగ్గరికి నడిచి మెయిన్ స్విచ్చు కిందకి లాగేసింది. రంపం, చెక్కకు చిల్లులు వేసే బోరు మిషను, జిగురు ప్రెస్సు, పైన ఫ్యాన్లు అన్నీ ఒకదాని వెనక ఒకటి నిలిచిపోయాయి. ఆమె ఒక స్టూలు లాక్కుని, స్విచ్చుకు వీపు ఆనించి కూర్చుంది.

మేస్త్రీ పరుగున వచ్చాడు. "వదినా, లే."

"లేవను."

"ఆర్డరు ఆగిపోతుంది."

"పోనీ."

"ఏం కావాలి నీకు? నన్ను గెంటెయ్యాలా?"

"గెంటెయ్యమని ఏనాడూ అనలేదు. అందరి ముందూ నిన్ను అడగమన్నాను. నువ్వు జవాబు చెప్పు. నా తప్పుంటే అది కూడా చెప్పు. ఆ మాట అయ్యేదాకా ఇక్కణ్ణుంచి కదలను."

వర్క్‌షాపంతా అక్కడ చేరింది. పక్కకి లాగి పారెయ్యడం ఎవరికీ కష్టం కాదు. ఎవరూ ముందుకు రాలేదు. దారి ఇచ్చారు, పెద్దాయన వచ్చాడు. ఆయన గొంతులో మొదటిసారి మెత్తదనం తగ్గింది.

"మనం ఎందుకమ్మా ఇంత కష్టపడి దీన్ని కట్టుకున్నది? అక్కడ రోజూ సంజాయిషీలు, విచారణలు. అవి లేని చోటు ఒకటి ఉండాలని కలగన్నాను. ఒకరినొకరు నిలదీసుకోని చోటు."

"నేనూ కలగన్నాను మావయ్యా. నిలదీస్తే జవాబు దొరికే చోటు. ఫ్యాక్టరీలో మనం అడిగితే గేటు చూపించేవాళ్లు. మీరు గేటు చూపించరు, తల నిమురుతారు. జవాబు అక్కడా లేదు, ఇక్కడా లేదు. ఇంక తేడా ఏముంది?"

"తేడా లేదంటావా?" పెద్దాయన ముఖం ఎర్రబడింది.

"ఉంది. అక్కడ నేను భయపడి ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను. ఇది నాది కాబట్టి."

వెనక నుంచి జనాన్ని తోసుకుంటూ అత్త వచ్చింది. చేతిలో వంటగది గరిట అలాగే ఉంది. పెద్దాయన ఆవిడకు వరసకు అన్నయ్య. ఆయన ముందు ఆవిడ గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు.

"ఇంట్లో కోర్టులుండవన్నావు అన్నయ్యా. నేను కాపురం చేసిన ఇంట్లోనూ ఉండేవి కావు. మా ఆయన చెయ్యి చేసుకుంటే చెప్పుకునే దిక్కులేక, ఆయన పోయేదాకా నోరు మూసుకుని బతికాను. ఇల్లు బాగుందనే అనేవాళ్లు అందరూ. బాగుండేది, ఆయనకి."

ఆవిడ కొడుకు పాలిష్ మరకల చేతులతో నిలబడి వింటున్నాడు. ఈ సంగతి తల్లి నోటి వెంట అతను వినడం అదే మొదలు. కాసేపటికి ఇంకో స్టూలు తెచ్చి పెళ్లాం పక్కన వేసుకున్నాడు.

"నాకీ గొడవ ఇప్పటికీ ఇష్టం లేదు" అన్నాడు గొణుగుతూ, కూర్చుంటూ.

మధ్యాహ్నం భోజనాలు చప్పుడు లేకుండా అయ్యాయి. చీకటి పడకముందే పెద్దాయన తల ఊపాడు. "సరే. అడుగుతాను."

"మీరు కాదు. మీకు మేనల్లుడు. నేనూ కాదు" అంది చిన్నక్క.

దాని మీద కాసేపు రభస జరిగింది. చివరికి రెండువైపులా చుట్టరికం లేని వంటావిడకు, లోడింగు చూసే ఆయనకు అప్పగించారు. వంటావిడ మొదట వద్దంది. తర్వాత అందరూ వంటగదిలో చేరాక, చెంగుతో చేతులు తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. కూర్చున్నాక మాత్రం మొహమాటపడలేదు.

"మూత ఎవరు తీశారు?"

"నేనే" అన్నాడు మేస్త్రీ. "ఎలాగైనా శనివారానికి సరుకు పంపాలని మామయ్య అన్నాడు. ఎలాగైనా అంటే ఏంటని నేనడగలేదు. ఆయనా చెప్పలేదు."

"ఆమె వేళ్లు పోయాక మళ్లీ ఎందుకు తీశావు?"

"మొదటిసారి ఎవరూ ఏమీ అనలేదు కదా" అన్నాడు.

వంటావిడ పెద్దాయన వైపు తిరిగింది. "మీరన్నారా అండీ ఆ మాట?"

"అన్నాను."

"అయితే మీరూ ఇటొచ్చి కూర్చోండి."

పెద్దాయన లేచాడు. మోకాళ్లు పట్టుకుని, చాప మీద మేనల్లుడి పక్కన కూలబడ్డాడు.

తర్వాత వంతు చిన్నక్కది. "ఆ రోజు మూత లేదని నువ్వు చూశావా?"

"చూశాను. మేస్త్రీతో పెట్టుకోవడం ఎందుకని చెక్క తోశాను. ఆ ముక్క నా పాలు. నా పాలు నేను మోస్తాను. మిగతాది మొయ్యను."

వంటావిడా, లోడింగు ఆయనా పక్కకు వెళ్లి మాట్లాడుకుని వచ్చారు. జరిగింది ప్రమాదం కాదు, తప్పు అని వంటావిడ చెప్పింది. అందులో ఎక్కువ మేస్త్రీది, అతన్ని తొందరపెట్టినది పెద్దాయన. మిషన్ల పెత్తనం ఇక మేస్త్రీకి లేదు, మామూలు పనివాడిగా ఉండొచ్చు. మూత లేని మిషనును ఎవరైనా ఆపొచ్చు, ఆపినవాళ్లను ఎవరూ ఏమీ అనకూడదు.

ఆ మాట వింటే ఏడుపొస్తుందని చిన్నక్క ఇన్నాళ్లూ అనుకుంది. రాలేదు. బాగా ఆకలేసింది. ఆ పూట రెండుసార్లు వడ్డించుకుని తింది.

అందరికీ నచ్చిందని కాదు. ప్రశాంతంగా బతుకుదామని వచ్చాం, ఇదేం గోల అని ఒక కుటుంబం సామాను సర్దుకుని వెళ్లిపోయింది. పెద్దాయన చిన్నక్కతో మాట్లాడడం మానేశాడు. ఎదురుపడితే తల పంకించి పోయేవాడు. ఆమె కూడా బతిమాలలేదు.

తర్వాతి ఆదివారం పనుల మాటలు అయ్యాక మేస్త్రీ పెళ్లాం లేచి నిలబడింది.

"నాకూ ఒకటి అడగాలనుంది. ఆ రోజు నా చేతిలో చెక్క సగం కోతలో ఉంది. చెప్పాపెట్టకుండా కరెంటు తీసేసింది ఈవిడ. రంపం పట్టేసి, చెక్క వెనక్కి తన్ని నా పక్కటెముకలకు కొట్టింది. ఇప్పటికీ పక్క మీద ఒత్తిగిల్లలేకపోతున్నాను. నాకెవరు జవాబు చెప్తారు?"

చిన్నక్కకు ఈ సంగతి తెలియదు. ముఖం వేడెక్కింది. తమకు మళ్లీ కోపం చూపించడానికి వీలు దొరికినట్టు కొందరు ఒకరినొకరు చూసుకున్నారు. మొగుడు ఆమె మోచెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయాడు. ఆమె విడిపించుకుంది.

వంటావిడ గొంతు సవరించుకుంది. "ఇటొచ్చి కూర్చో."

చిన్నక్క లేచి, అందరి మధ్యనుంచి నడిచి, ముందు చాప మీద వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. మేస్త్రీ పెళ్లాం వైపు సూటిగా చూసింది.

"ఆపినందుకు తప్పు ఒప్పుకోను. రేపైనా ఆపుతాను. చెప్పకుండా ఆపాను, దానికి ఒప్పుకుంటాను. ఇంకా ఏముందో అడగండి" అంది.