ఎర్ర గీత కింది కొలతలు

ఆరిన దుప్పట్లు మడత పెడుతుండగా మావారు ఫోను తెచ్చి చేతికిచ్చారు.

“నీకేనట. ఎవరో అమ్మాయి, నక్షత్రాల ఆఫీసు నుంచి. ఇప్పుడు నీతో ఏం పనో మరి.”

నేను పదవీ విరమణ చేసి పద్దెనిమిదేళ్లయింది. అంతకు ముందు ముప్పై ఏళ్లు వేధశాలలో, ఫొటో తీసిన గాజు ఫలకాలపై పడిన నక్షత్రాల వెలుగును కొలిచాను. ఒకే మేఘంలో ఒకేసారి పుట్టి గుంపుగా ఉన్న నక్షత్రాలవి. ఏది ఎంత ప్రకాశిస్తున్నదో, ఏది మలిదశకు చేరిందో సరిగ్గా కొలిస్తే ఆ గుంపు వయసు తెలుస్తుంది. ఇంటిల్లిపాదికీ వండిపెట్టి పదింటికల్లా కొలతబల్ల ముందు కూర్చునేదాన్ని. “చుక్కలు లెక్కపెడితే జీతమిస్తారా, విడ్డూరం కాకపోతే,” అనేవారు మా అత్తగారు, ఆ జీతంతో కొన్న కుర్చీలో కూర్చుని. డైరెక్టరుగారికి అతిథులు వస్తే టీ కప్పులు కడగటమూ నా విధుల్లో భాగమే, ఎక్కడా రాసి లేకపోయినా.

వెలుగులో మార్పు లేనిదని డైరెక్టరుగారే ఎంచిన ఒక నక్షత్రంతో తక్కినవాటిని పోల్చి కొలవాలి. పదకొండు ఫలకాల్లో మాత్రం గుంపంతా ఒక్కసారిగా వెలిగిపోయినట్లు తేలింది. రెండు వందల నక్షత్రాలు కూడబలుక్కుని ప్రకాశించవనీ, పోలికకు ఎంచిన ఆ ఒక్కటే మసకబారి ఉండాలనీ చెప్పాను. “ఇంట్లో పోట్లాడి వచ్చినట్టున్నారు, చెయ్యి నిలకడగా లేదు,” అని నవ్వి, ఆ పదకొండు కొలతలనూ ఎర్రసిరాతో కొట్టివేశారు. ఆయన వ్యాసం చివర టైపిస్టుకూ నాకూ కలిపి ఒకే వాక్యంలో కృతజ్ఞతలు.

“మేడమ్, ఆ నక్షత్రం నిజంగానే అప్పుడప్పుడూ మసకబారుతోంది,” అంటోంది ఫోను స్పీకరులో అమ్మాయి. “మీ కొలతలన్నీ కరెక్టే. ఎర్ర గీత కింద అంకెలు చక్కగా కనపడుతున్నాయి. వాటితో గుంపు వయసు మళ్లీ లెక్కగట్టాం. వ్యాసం చివర మీకు థాంక్స్ చెబుదామంటున్నారు మా సార్. మీకేం అభ్యంతరం లేదు కదా?”

“లేదని చెప్పెయ్. ఈ వయసులో మనకెందుకు,” అన్నారు మావారు పక్కనుంచి.

‘పరవాలేదమ్మా’ అన్న మాట నా నాలుక మీద ఎంత తీరుబడిగా కాపురముంటున్నదో అప్పుడు తెలిసింది. దాన్ని మర్యాదగానే ఖాళీ చేయించాను.

“ఉంది,” అన్నాను. “కొలిచినది నేను. నా పేరు రచయితల్లో ఉండాలి. అచ్చుకు ముందు వ్యాసం నాకు పంపాలి. తప్పులుంటే దిద్దుతాను.”

అవతల చిన్న నవ్వు. “మీరు ఆ మాట అంటారనే కాచుక్కూర్చున్నా మేడమ్. పేరెలా వెయ్యమంటారు?”

“మన ఇంటిపేరు మరిచిపోకు,” అన్నారు మావారు.

నా పేరును, పుట్టింటి ఇంటిపేరుతో సహా, ఒక్కొక్క అక్షరమే చెప్పి రాయించాను. తిరిగి చదవమన్నాను. తప్పు లేకుండా చదివింది. అయినా మరొకసారి చదవమన్నాను.