గుండీల డబ్బాలో మందులు

ఆసుపత్రిలో ఆమెను అందరూ పోలీసమ్మ అనేవారు, ఎదురుగా కాదు, చాటుగా. ఏ రోగికి ఏ యాంటీబయాటిక్ ఎన్నాళ్ళు రాశారో కేసు షీట్లలో చూడటం, అక్కర్లేదనిపిస్తే ఎందుకు రాశారని అడగడం ఆమె పరిశోధనలో భాగం. అందుకే ఆమె క్యాంటీన్‌లోకి వస్తే డాక్టర్ల బల్ల దగ్గర మాటలు సద్దుమణిగేవి. ఆమె కిటికీ పక్కన కూర్చుని, తెచ్చుకున్నది తినేసి, పది నిమిషాల్లో లేచిపోయేది.

సొంతవాళ్ళ దగ్గరా అంతే. రెండేళ్ళ కిందట తమ్ముడి కూతురికి జలుబు చేస్తే, మరదలు ఫోన్ చేసి గట్టి మందేదైనా చెప్పమంది.

"జలుబుకి యాంటీబయాటిక్ పనిచెయ్యదమ్మా. నాలుగు రోజులు ఓపిక పట్టు."

"ఊళ్ళోవాళ్ళకి చెప్పినట్టే మాకూ చెబుతారా వదినా?" అని మరదలు ఫోన్ పెట్టేసింది.

పాప నాలుగో రోజుకి లేచి ఆడుకుంది. ఫోన్లు మాత్రం ఆగిపోయాయి.

ఒక బుధవారం ల్యాబులో ఆమె ఒక గాజు పళ్ళెం తీసి చూసింది. రోగి మూత్రంలో దొరికిన సూక్ష్మజీవిని అందులో పెంచి, పదకొండు మందులు అద్దిన కాగితపు బిళ్ళలు పెట్టారు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ గుండ్రంగా ఖాళీ కనబడాలి. పది బిళ్ళల అంచుల దాకా సూక్ష్మజీవి దట్టంగా పెరిగిపోయింది. పదకొండోదాని చుట్టూ మాత్రం ఖాళీ మిగిలింది. అది డెబ్బై ఒక్కేళ్ళ దర్జీ ఇచ్చిన నమూనా. జ్వరం దానంతటదే తగ్గేసరికి ఆవిడ మళ్ళీ ఆసుపత్రి వైపు రాలేదు.

మర్నాడు ప్రశ్నల కాగితాలు పట్టుకుని ఆమె దర్జీ ఇంటికి వెళ్ళింది. మూడో అంతస్తు, ఒకటే గది, కిటికీ కింద కుట్టుమిషను.

"ఇదివరకు ఏం మందులు వాడారండీ?"

దర్జీ ఒక రేకు డబ్బా తెచ్చి మంచం మీద బోర్లించింది. గుండీలూ, హుక్కులూ, వాటితో కలిసి రకరకాల మాత్రలు. అన్నీ సగం వాడి దాచినవే.

"ఇవన్నీ పూర్తిగా ఎందుకు వాడలేదు?"

"వాడేస్తే మళ్ళీ జ్వరమొస్తే ఏం వేసుకోను?"

"డాక్టరు దగ్గరికి వెళ్ళాలి కదా!"

"ఎంత తేలిగ్గా చెప్పావే అమ్మాయ్! ఒళ్ళు కాలిపోతుంటే ఒక్కదాన్నే మూడంతస్తులు దిగగలనా? దిగినా, మళ్ళీ ఎక్కించేదెవరు?"

ఆ జవాబు రాసుకోవడానికి కాగితంలో చోటు లేదు. ఆమె మార్జిన్‌లో రాసుకుంది.

"ఇంకా ఎన్ని ప్రశ్నలున్నాయి?" అంది దర్జీ.

"ఇరవై. విసుగ్గా ఉందా?"

"అబ్బే! మెల్లిగా అడుగు. తొందరేముంది?"

ప్రశ్నలయ్యాక ఇద్దరూ కూర్చుని గుండీలు వేరుగా, మాత్రలు వేరుగా ఏరారు. ఆమె మాత్రలు మూటగట్టుకుని, తన నంబరు గోడ మీద పెద్ద అంకెల్లో రాసింది.

"జ్వరమొస్తే మొహమాటపడకుండా ఫోన్ చెయ్యండి."

పది రోజులకు ఫోన్ వచ్చింది. ఆమె పరుగున వెళ్ళింది. దర్జీ చెయ్యి తన భుజం మీద వేసుకుని మెట్టుమెట్టుకీ ఆగుతూ దించింది. ఆసుపత్రికి చేర్చేసరికే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. వార్డు పెద్ద డాక్టరుకీ ఆమెకూ ఎన్నోసార్లు మాటామాటా వచ్చింది. ఆ రోజు మాత్రం ఆయన షీటు ఆమె ముందు పెట్టి, "ఈసారి మీరే చెప్పండి మేడమ్, ఏం రాయమంటారు?" అన్నాడు. అందులో వెటకారం లేదు.

మిగిలింది ఆ పదకొండో మందే. అది చెవులను దెబ్బతీయొచ్చు. ఆ మాట ఆమే దర్జీకి చెప్పింది.

"ప్రాణం ఉంటుందిగా?"

"ఉంటుందనే ఆశ."

"అయితే ఇవ్వు."

జ్వరం ఐదో రోజున దిగింది. రెండో వారంలో నర్సు పిలిస్తే దర్జీ పలకలేదు. గిన్నె కింద పడినా తల తిప్పలేదు. చెవుల డాక్టరు పరీక్ష చేసి, ఇక వినికిడి తిరిగి రాదన్నాడు. ఎవరూ ఆమెను తప్పుపట్టలేదు. పెద్ద డాక్టరైతే, "ఇంకేం చేస్తాం మేడమ్?" అని క్యాంటీన్‌లో తన బల్ల దగ్గర ఆమెకు కుర్చీ జరిపాడు. ఆమె కూర్చుంది గానీ, తెచ్చుకున్న డబ్బా మూత తియ్యకుండానే లేచింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆమె ఆ మూడంతస్తులూ ఎక్కేది. చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అరిస్తే ఒకటో రెండో మాటలు అందేవి. దర్జీ ఏదో ఒకటి కుడుతూ, ఎప్పుడో పెళ్ళిబట్టలు కుట్టించుకుని మళ్ళీ కనబడని మనుషుల కబుర్లు చెప్పేది. తనకు తన గొంతే వినబడక మరీ పెద్దగా మాట్లాడేది. పక్కింటివాళ్ళు గోడ మీద కొట్టేవాళ్ళు. ఆ సంగతి ఆమె దర్జీకి చెప్పేది కాదు.

పొద్దు వాలే వేళకు ఇల్లు చేరేది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఉండేది. తాళం తీసి, దీపం వేసి, చెప్పులు విడిచేది. సోమవారం పొద్దున వార్డులో మొదటి కేసు షీటు అడిగేదాకా ఆ గొంతుతో ఆమెకు పనుండేది కాదు.