రోబో ఎడమ అడుగు

తోడల్లుడి మీద పెద్దల్లుడికి ఉన్న పెద్ద ఫిర్యాదు ఏమిటంటే, ఫిర్యాదు చేయడానికి ఆ మనిషిలో ఏమీ దొరకదు. గొంతు పెంచడు. ఎవరి మాటా మధ్యలో తుంచడు. అత్తగారు కళ్ళజోడు ఎక్కడ పెట్టి మరిచిపోయిందో ఆవిడకన్నా ముందు అతనికే తెలుస్తుంది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో కట్టుకున్నదాని చేత ఒక్క మాటైనా పడని మగవాడు బంధువుల్లో ఒకడుంటే, మిగిలిన మగవాళ్ళు ఏమైపోవాలి? ఆ రోజు పొద్దున, కారుతున్న వంటింటి కుళాయి సంగతి ఈ ఆదివారం తేల్చేస్తానని పెద్దల్లుడు ఎంతో ఉదారంగా ప్రకటించాడు. ఇంటావిడ క్యారియర్ సర్దుతూ, తల కూడా తిప్పకుండా, దాన్ని మరిదిగారు మొన్ననే బాగుచేసి వెళ్ళారని చెప్పింది. కుళాయి కారడం ఆగి మూడు రోజులైందట. ఇంట్లో ఉంటున్నవాడికే తెలియలేదు.

ఆ మాట మింగుడుపడకుండానే ఆయన పనికి వచ్చాడు. ఇప్పుడు రికార్డింగ్ గదిలో స్టూలు మీద కూర్చుని, ఎడమ మోకాలికి పట్టీ చుట్టుకుంటున్నాడు.

గది నేలమాళిగలో ఉంది. కిటికీలు లేవు. నేలను చతురస్రాలుగా తవ్వి ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో కంకర, ఒకదాంట్లో పాత చెక్క పలకలు, ఒకదాంట్లో సిమెంటు పలక పరిచారు. గోడ వారన అరవై జతల పాత బూట్లూ చెప్పులూ ఉన్నాయి. ఎదురుగా తెర, పక్కన గాజు తలుపు వెనక సౌండ్ ఇంజనీరు. షూటింగ్‌లో నటుల అడుగుల చప్పుడు సరిగా అందదు, అందినా పనికిరాదు. తర్వాత ఇలాంటి గదిలో, తెర మీద బొమ్మ చూస్తూ, వాళ్ళ బదులు ఎవరో ఒకరు నడవాలి. ముప్పై ఏళ్ళుగా ఆ ఎవరో ఒకరు పెద్దల్లుడే. ఎందరో హీరోలు ఆయన కాళ్ళతో కొండలెక్కారు. ఎందరో హీరోయిన్లు ఆయన తొడుక్కున్న హైహీల్స్‌తోనే అలిగి గడప దాటారు. ఆయన మాత్రం నాలుగు గజాల నేల దాటలేదు.

ఇన్నేళ్ళకు ఆయనకొక విద్య అబ్బింది. మెట్ల మీద అడుగు వినబడితే చాలు, వచ్చేదెవరో తలెత్తకుండా చెప్పేస్తాడు. ఆ విద్యంటే ఆయనకు గర్వం, ఇంటావిడకు విసుగు. చుట్టాలు తలుపు తట్టకముందే ఆయన వెనకగదిలోకి జారుకుంటాడు మరి.

మెట్ల మీద ఇప్పుడు వినిపిస్తున్నది చిన్నల్లుడి అడుగు. తేలిక, ఒక్క తీరు, చివరి మెట్టు ముందు చిన్న ఆగడం. కింద ఎవరైనా పనిలో ఉంటారేమోనని ఆ ఆగడం. అందులో కూడా వంక పెట్టడానికి లేదు.

పన్నెండేళ్ళ కిందట చిన్నల్లుడు పనిచేసే చెప్పుల షాపు మూతపడితే, అతన్ని ఈ గదిలోకి తెచ్చింది పెద్దల్లుడే. ముఖం చూడకు, భుజాలు చూడు, అడుగు ఎప్పుడు పడుతుందో భుజమే చెబుతుంది అని నేర్పింది ఆయనే. మనం నేర్పినవాడికి పని రాకపోతే మన పరువు పోతుంది. వస్తే మన నిద్ర పోతుంది. చిన్నల్లుడికి పని వచ్చింది.

ఈ సినిమాలో ప్రపంచం అంతమైపోయింది. మిగిలినవాళ్ళు ముగ్గురే. ఒక మనిషి, అతని కుక్క, పాత సామానుతో అతను తయారుచేసుకున్న ఒక రోబో. ముగ్గురూ బూడిద నిండిన రోడ్ల మీద సముద్రం వైపు నడుస్తూ ఉంటారు. మాటలు దాదాపు లేవు, అంతా నడకే. లోకానికి అంత నష్టం జరిగినా ఈ గదికి మాత్రం చేతినిండా పని దొరికింది. ఎనిమిది కాళ్ళలో మనిషివి రెండూ కుక్కవి నాలుగూ పెద్దల్లుడికి ఇచ్చారు. రోబోవి రెండే చిన్నల్లుడికి. లెక్కకు ఎక్కువ తనకే వచ్చినా పెద్దల్లుడి కడుపు చల్లబడలేదు. పోస్టరు నిండా రోబోయే కదా. పైగా కుక్క కోసం ఉన్ని చేతితొడుగుల వేళ్ళకు గోళ్ళలా పేపర్ క్లిప్పులు గుచ్చుకుని, యాభై ఎనిమిదేళ్ళ వయసులో మోకాళ్ళ మీద పాకాలి. చిన్నల్లుడేమో బూట్లకు తలుపు బందులూ స్కూటరు స్ప్రింగూ బిగించుకుని మహారాజులా నిలబడి నడుస్తాడు.

అన్నిటికన్నా మించిన బాధ కథలోనే ఉంది. రోబో గుండెలో బ్యాటరీ వెచ్చగా ఉంటుంది. కుక్క కొన్నాళ్ళకు యజమాని పక్కనుంచి లేచి, పోయి రోబో పక్కన పడుకోవడం మొదలుపెడుతుంది. మనిషి దుప్పటిలోంచి చూస్తూ ఉంటాడు. ఆ చూపు పెద్దల్లుడికి బాగా తెలుసు. అత్తగారింట్లో తను భోజనానికి కూర్చున్నాక ఆవిడ చిన్నల్లుడి విస్తరి వైపు తిరిగినప్పుడు తన ముఖంలోనూ అదే చూపు ఉండి ఉంటుంది. కుక్క రోబో వైపు నడిచే ఆ తొమ్మిది అడుగుల్నీ నిన్న ఆయన తన చేతులతోనే చేశాడు. అయిదుసార్లు చేశాడు. బాగా వచ్చిందని ఇంజనీరు అంటే మండిపోయాడు.

ఇదంతా నవ్వుకుని వదిలేసేదే, ఆ వారం ఆ కబురు రాకపోతే. అడుగుల చప్పుళ్ళు ఇప్పుడు కంప్యూటర్లో తయారుగా దొరుకుతున్నాయట. వచ్చే నెల నుంచి ఈ గదికి ఒక్క మనిషి చాలని యజమాని నిర్ణయించాడు. ఎవరుండాలో ఇంజనీరు ఈ సాయంత్రం రాసి పంపాలి. ఆవిడకు ముప్పై ఏళ్ళుంటాయేమో. మాట మృదువు, చెవి పదును. ఈ సంగతి ఇద్దరు అల్లుళ్ళకూ తెలుసు. ఇద్దరిళ్ళలోనూ ఎవరికీ తెలియదు.

పొద్దున్నుంచీ రోబో వంతే నడిచింది. మనిషి ముందు, రోబో వెనక, విరిగిపోయిన పెద్ద రోడ్డు. మొక్కజొన్న పిండి కట్టిన సంచుల మీద అడుగు వేస్తే అచ్చం బూడిద మీద వేసినట్టే ఉంటుంది. పెద్దల్లుడు ఖాళీగా కూర్చుని హెడ్‌ఫోన్లో రోబో అడుగులు మాత్రమే వింటున్నాడు. కుడి కాలు ధడ్. ఎడమ కాలు ధడ్, దాని వెనకే సన్నగా ఒక ఈడ్పు. మళ్ళీ కుడి. మళ్ళీ ఎడమ, మళ్ళీ ఆ ఈడ్పు. ఆయన కళ్ళు మూసుకుని ఇరవై అడుగులు విన్నాడు. ఇరవైలో పది ఎడమవి, పదింటికీ ఈడ్పు ఉంది.

దొరికింది. పన్నెండేళ్ళకు దొరికింది.

చిన్నల్లుడు టీ తేవడానికి పైకి వెళ్ళేదాకా ఆగాడు. అడుగులు మెట్లు దాటాక గాజు తలుపు తోసి లోపలికెళ్ళి, తనకు ఈ మాట చెప్పడం బొత్తిగా ఇష్టం లేదన్నాడు. ఇష్టం లేదని మొదలయ్యే మాటలన్నీ మనిషి ఎంతో ఇష్టంగా చెప్పేవే. రోబో ఎడమ కాలు ఈడుస్తోందనీ, తెర మీద ఆ రోబో తిన్నగా నడుస్తోందనీ, వయసు వల్లో శ్రద్ధ తగ్గడం వల్లో కుర్రవాడు గమనించడం లేదనీ చెప్పాడు. ఆ కుర్రవాడికి నలభై తొమ్మిది.

ఇంజనీరు ఆశ్చర్యపోయింది. తనకు ఆ ఈడ్పు నచ్చే ఉంచానంది.

"మీకు మిషన్లు తెలుసమ్మా. నాకు కాళ్ళు తెలుసు" అన్నాడు పెద్దల్లుడు. "రోబోకి మోకాలి నొప్పి ఎక్కడైనా ఉంటుందా?"

ఆవిడ ఆయన ముఖంలోకీ, తర్వాత ఆయన మోకాలి పట్టీకేసీ చూసింది.

"మీరే అలా అంటే సరే మాస్టారూ. తీసేయిద్దాం."

చిన్నల్లుడు మూడు గ్లాసులతో దిగి వచ్చాడు. ఈడ్పు లేకుండా ఇంకోసారి చేయాలని ఇంజనీరు చెప్పింది. అతను గ్లాసులు ఒక్కొక్కటిగా బల్ల మీద పెట్టాడు. పెద్దల్లుడికి చక్కెర తక్కువ వేయించిన గ్లాసు వేరుగా పెట్టాడు.

"అన్నయ్యకి నచ్చలేదా?" అని ఇంజనీరునే అడిగాడు.

ఆవిడ తలూపింది.

"అయితే తీసేయాల్సిందే" అన్నాడు.

ఒకసారి పెద్దల్లుడి వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. పెద్దల్లుడు టీ ఊదుకుంటూ కూర్చున్నాడు. చిన్నల్లుడు బూట్లు తొడుక్కుని గంటలో మొత్తం తిరిగి నడిచాడు. ధడ్, ధడ్, ధడ్. స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది. ఇంజనీరు బాగుందని అంది గానీ గొంతులో ఏమీ లేదు.

మధ్యాహ్నం చివరి భాగం మొదలైంది. సముద్రం కనిపించే మలుపులో మనిషి అలిసిపోతాడు. గోడకు ఆనుకుని కూర్చుంటాడు. ఇక లేవడు. చావుకు చప్పుడేమీ ఉండదు, అడుగులు ఆగిపోవడం ఒక్కటే. పెద్దల్లుడు పాత తోలు బూట్లతో సిమెంటు పలక మీద ఏడడుగులు వేశాడు. ఏడోది సగమే వేశాడు. తర్వాత గోడకు వీపు రాసిన చప్పుడు చేసి ఊరుకున్నాడు. తొడుగులు వేసుకుని కుక్కయ్యాడు. కుక్క మనిషి చుట్టూ రెండుసార్లు తిరిగింది, పాదాల దగ్గర గోళ్ళతో గీరింది, నిలబడింది. రోబో సముద్రం వైపు నడవసాగింది. చిన్నల్లుడి అడుగులు పక్క చతురస్రంలో తిన్నగా, ఒక్క తీరున పడుతున్నాయి. కుక్క వెళ్ళాలా ఉండాలా అని కాసేపు ఆగి, చివరికి వెళ్ళింది. పెద్దల్లుడు మోకాళ్ళ మీద పాకుతూ తోడల్లుడి వెనకే నాలుగు గజాలూ వెళ్ళాడు. మొదటిసారికే సరిపోయింది.

పని అయిపోయింది. చిన్నల్లుడు మూల కుళాయి దగ్గర చేతులకూ ముఖానికీ అంటిన పిండి కడుక్కున్నాడు. తన తువ్వాలు తడిపి బూట్లు కూడా తుడిచాడు. ఆ తువ్వాలు ఉతికి మైకు పక్కనున్న ఖాళీ స్టాండు మీద ఆరేశాడు. తర్వాత గాజు గది గుమ్మంలో నిలబడి, రేపటి నుంచి తను రానని ఇంజనీరుకు చెప్పాడు. ఒకరు చాలన్నప్పుడు తప్పు బయటపడినవాడే తప్పుకోవడం న్యాయమట. చెప్పుల షాపు ఆయన వేరే వీధిలో మళ్ళీ తెరిచి, రమ్మంటున్నాడట. అదంతా బస్సు వేళలు చెబుతున్నట్టు చెప్పాడు.

పెద్దల్లుడి దగ్గరకొచ్చి, "వస్తానన్నయ్యా" అన్నాడు. "వదినతో చెప్పండి, ఆ కుళాయి మరీ గట్టిగా తిప్పొద్దని. వాషరు కొత్తది."

పెద్దల్లుడు తలూపాడు. అడుగులు మెట్లెక్కి వెళ్ళాయి. పైన తలుపు మూసుకుంది.

గెలిచినవాడికి ఆకలేస్తుందని ఆయన అనుకున్నాడు. వేయలేదు.

ఇంజనీరు ఆ చివరి నడకకు ముందున్న పెద్ద రోడ్డు దృశ్యాన్ని తెర మీద వేసి, మనిషి అడుగులూ రోబో అడుగులూ కలిపి వినిపించింది. ముందు కొత్త రోబో. మనిషి ఒక పక్క, ఇనుము ఒక పక్క, ఒకరికొకరు ఏమీ కానివాళ్ళలా నడిచారు. తర్వాత ఎందుకో పొద్దుటి రోబోను పెట్టింది. మనిషి ఎడమ కాలు పడింది, వెనకే సన్నటి ఈడ్పు. రోబో ఎడమ కాలు పడింది, వెనకే అదే ఈడ్పు. తండ్రి వెనక బిడ్డ నడుస్తున్నట్టుంది.

పెద్దల్లుడు ముందుకు వంగాడు. "మనిషికి ఎందుకుంది ఆ ఈడ్పు?"

"అది మీ కాలే కదా మాస్టారూ. మొదటి రోజు నుంచీ ఉంది. అలిసిపోయిన మనిషికి బాగా నప్పింది, వదిలేశాను." ఆవిడ తెర మీద బొమ్మ ఆపింది. "రోబో ఆ మనిషిని చూసే కదా నడక నేర్చుకుంది, అన్నయ్య నడకే దానికి పెడతానన్నారాయన. మీకు తెలిసే వద్దన్నారనుకున్నాను. మిమ్మల్ని అనుకరించడం మీకు నచ్చలేదేమోనని."

ఆయన లేచి మెట్ల వైపు వెళ్ళాడు. ఎక్కుతుంటే వినబడింది. కుడి. ఎడమ, ఈడ్పు. కుడి. ఎడమ, ఈడ్పు. ఊళ్ళో అందరి అడుగులూ ఎరిగినవాడికి ముప్పై ఏళ్ళలో ఈ ఒక్కటీ పరిచయం కాలేదు. సగం మెట్ల మీద నిలబడిపోయి, మళ్ళీ ఎక్కాడు. వీధిలో సాయంత్రపు ఎండ ఉంది. బస్టాపులో ఎవరూ లేరు.

కిందికి వచ్చేసరికి ఇంజనీరు యజమానికి పంపాల్సిన కాగితం ముందేసుకుని కూర్చుంది. ఆయన గాజు గదిలోకి వెళ్ళలేదు. ఎప్పుడూ నిలబడే చోట, మైకు ముందు నిలబడ్డాడు.

"తప్పు నాదమ్మా" అన్నాడు.

మైకు ఆన్‌లోనే ఉంది. గాజు అవతల చప్పుడు కొలిచే సూది ఒకసారి లేచి పడింది.

"అతని అడుగులో ఏం లేదు. నాకు అతనంటే కుళ్ళు. పన్నెండేళ్ళ నుంచీ ఉంది. అందుకే అలా వినబడింది. పాత రోబోనే ఉంచండి."

"మరి ఈ కాగితంలో?"

"కుళ్ళు సంగతి రాయకండి. మాస్టారు తప్పు విన్నాడని రాయండి చాలు. ఒకరే అంటే అతన్ని తీసి నన్ను ఉంచొద్దు."

ఆవిడ కలం ఎత్తి, రాయకుండా ఆగింది. ఈ మాట అతనితోనే అనొచ్చు కదా అని అడిగింది.

"అంటాను. వాళ్ళింటికే వెళ్తున్నా" అన్నాడు పెద్దల్లుడు, వంగి మోకాలి పట్టీ విప్పుకుంటూ. "ఎప్పుడూ అనలేదు కదా. నోరు తిరుగుతుందో లేదో ముందు ఇక్కడ చూసుకున్నాను."

గది నిశ్శబ్దంలో, స్టాండు మీద ఆరేసిన తువ్వాలు అంచు నుంచి ఒక్కొక్క నీటి చుక్క జారి చెక్క పలక మీద పడుతోంది.