నాలుక చివర ఉప్పు

"ఉప్పు చూశావా పిల్లా?"

పొయ్యి మీద ఖీమా కూర ఉడుకుతుంటే మున్నీ బీ వెనక నుంచి వచ్చి అడిగింది. సాయంత్రం నుంచి ఇది నాలుగోసారి. నస్రీన్ జవాబు చెప్పేలోపే ఆవిడ గరిటె అందుకుని, అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని, నాలుక చివర తాకించి, వెంటనే సింకులో ఉమ్మేసి నోరు పుక్కిలించింది. "చాల్లేదు. ఇంకాస్త వెయ్యి. ఆయన నోట్లో పెట్టుకున్నాడంటే కంచం గోడకేసి కొడతాడు" అంది గొంతు తగ్గించి.

ఆ ఆయన, అంటే నస్రీన్ మామగారు నబీ సాహెబ్, పోయి పదహారేళ్లయింది. ఇది రంజాన్ నెలన్న సంగతి మున్నీ బీకి తెలియదు. పొద్దున్నే ఇడ్లీలు తింది, మధ్యాహ్నం అన్నం తింది, చేయి కడుక్కుంటూ "నేను రోజాలో ఉన్నాను కదా" అంది. నస్రీన్ తన కోడలని తెలియదు. యాభై ఏళ్లుగా ఉంటున్న ఈ తెనాలి ఇల్లు తనదేనని తెలియదు. నమాజుకి నిలబడి సగంలో ఆగిపోయి, తరవాతేమిటన్నట్టు అటూ ఇటూ చూస్తుంది. కానీ ఉపవాసంలో ఉన్న ఆడది ఉప్పెలా చూడాలో మాత్రం చేతులకి గుర్తుంది. కొత్త కోడలిగా వచ్చిన తొలి రంజానులో నస్రీన్‌కి అది నేర్పింది ఆవిడే. "రోజాలో రుచి చూడకూడదు. మొగుడు కోపిష్టి అయితే మాత్రం చూడొచ్చు, మింగకుండా ఉమ్మేయాలి. పెద్దలు ఆ మాత్రం వెసులుబాటు ఇచ్చార్లే" అంది. నస్రీన్ అప్పుడు నవ్వింది. పెద్దవాళ్లు ఎంత ముందుచూపుతో ఆలోచించారో అని ముచ్చటపడింది కూడా. ఉప్పు చూసే వెసులుబాటు ఆడదానికి ఇచ్చిన ఈ ఇల్లు, కోపం తగ్గించుకోమని మగాడికి ఎందుకు చెప్పలేదన్న అనుమానం రావడానికి ఆమెకి ఇరవై రెండేళ్లు పట్టింది.

అత్తగారికి మతిమరుపు మొదలై మూడేళ్లు. ముందు తాళంచెవులు, తరవాత మనుషుల పేర్లు, ఆ పైన బాత్రూముకి దారి. గుంటూరు డాక్టరు చెప్పాడు, "కొత్తవి ముందు పోతాయమ్మా. ఎక్కడో లోతున దిగినవి చివర్న పోతాయి" అని. అప్పటి నుంచీ నస్రీన్ రోజు ఆవిడ రోజులో కలిసిపోయింది. స్నానం చేయించడం, చేయించుకోనని కొడితే కొట్టించుకోవడం, తడిసిన దుప్పట్లు రోజుకి మూడు ఉతకడం, గ్యాసు సిలిండరుకి తాళం, గేటుకి తాళం, కత్తిపీట అటక మీద. వరండాలో కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఏడాది దాటింది. జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లు మొదట్లో జాలిపడ్డారు, తరవాత వేరే దర్జీని చూసుకున్నారు. ఎవరైనా "ఎలా ఉందమ్మా మీ అత్తగారికి" అని అడుగుతారు గానీ నీకెలా ఉందని అడిగినవాళ్లు లేరు. అడిగినా ఏం చెబుతుంది? తనకి భయంగా ఉందని చెబుతుందా?

భయం అత్తగారిని చూస్తే కాదు. మొన్న తనే ఫ్రిజ్ తలుపు తెరిచి, ఎందుకు తెరిచానో తెలియక నిలబడిపోయింది. దువ్వెన పప్పు డబ్బాలో దొరికింది. తనకింకా నలభై నాలుగేళ్లే. "అంటురోగమా ఏంటి, నీక్కూడా వచ్చిందా?" అని భర్త ఆసిఫ్ నవ్వాడు. ఆమె కూడా నవ్వి, బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి, తన పేరు, పుట్టింటి వీధి, కూతురు పుట్టిన తేదీ ఒక్కొక్కటే పైకి చెప్పుకుంది.

ఆసిఫ్‌ది రేపల్లె రోడ్డులో మోటార్ల వైండింగు షాపు. తిరుగుతున్న మోటారు పక్కన చెవి పెట్టి ఎక్కడ జబ్బుందో చెప్పేస్తాడని చుట్టుపక్కల ఊళ్లలో మంచి పేరు. ఆ చెవిని షాపులోనే వదిలి ఇంటికొస్తాడని ఆ ఊళ్లవాళ్లకి తెలియదు.

పది రోజుల కిందట నస్రీన్ దుప్పట్లు ఆరేస్తుంటే, తాళం వెయ్యడం మరిచిన గేటు తీసుకుని మున్నీ బీ వెళ్లిపోయింది. సందులన్నీ వెతికింది నస్రీన్. కాలవ గట్టు మీద నీళ్లలోకి చూస్తూ చెప్పుల్లేకుండా పరిగెత్తింది. ఆ తొందరలో ఫోను ఇంట్లోనే ఉండిపోయింది. ఆవిడ మాత్రం నింపాదిగా రైలెక్కి బాపట్లలో దిగింది. అక్కడ ప్లాట్‌ఫారం మీద ఏడుస్తుంటే, ఎవరో ఒకామె ఆవిడ జాకెట్టు లోపల నస్రీన్ కుట్టిపెట్టిన గుడ్డ ముక్క చూసింది. దాని మీద రెండు నంబర్లున్నాయి. ఒకటి నస్రీన్‌ది, అది ఎవరూ ఎత్తలేదు. రెండోది బాపట్ల వ్యవసాయ కాలేజీలో రెండో ఏడు చదువుతున్న కూతురు ఆఫ్రీన్‌ది. పిల్ల ప్రాక్టికల్ పరీక్ష మధ్యలో లేచి స్టేషనుకి పరిగెత్తింది. దాదీ అని పిలుచుకునే నాయనమ్మకి టీ తాగించి, రైల్లో కూర్చోబెట్టుకుని తెనాలి తీసుకొచ్చింది.

ఆసిఫ్ నంబరు ఆ గుడ్డ మీద లేదు. కుట్టేటప్పుడు నస్రీన్ సూది పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. ఎవరో పరాయివాళ్లు షాపుకి ఫోను చేసి మీ అమ్మ రోడ్డు మీదుందంటే ఆయన ఇంటికొచ్చేసరికి ఎలా ఉంటాడో తలుచుకుని, ఆ నంబరు మానేసి పిల్లది కుట్టింది.

ఆ రోజు ఆసిఫ్ అరవలేదు. అన్నం తిని, చేయి తుడుచుకుంటూ తీర్పు చెప్పాడు. "ఇంట్లోనే కదా నువ్వుండేది? ఒక్క మనిషిని కనిపెట్టుకోలేకపోయావు. ఆఫ్రీన్ అయితే ఓపిగ్గా చూసుకుంటుంది. దానికి దాదీ అంటే ప్రాణం. ఒక్క ఏడాది ఆపితే చదువెక్కడికీ పారిపోదు." రేపల్లె నుంచి తమ్ముడు ఫహీం ఫోనులో వంత పాడాడు. "అన్నయ్య చెప్పిందే కరెక్టు వదినా. ఆడపిల్ల చేతిలో అయితే అమ్మకి సుఖంగా ఉంటుంది." రేపల్లె నుంచి గంట ప్రయాణం. అతను తల్లిని చూసి రెండు నెలలు. అతని కొడుకులిద్దరూ డిగ్రీలు చదువుతున్నారు, వాళ్లలో ఒకడు ఏడాది ఆపితే ఏం పోతుందని ఎవరికీ తోచలేదు.

ఇవాళ శుక్రవారం. ఆదివారం ఆసిఫ్ ఆటో మాట్లాడుకుని బాపట్ల వెళ్లి పిల్ల పెట్టె, పుస్తకాలు తెచ్చేస్తాడు. పది రోజులుగా నస్రీన్ గొంతులో ఒక్క మాట తిరుగుతోంది, వద్దండీ అని. టీ ఇచ్చేటప్పుడు చెబుదామనుకుంది. తెల్లారకముందు సహరీ తినడానికి లేపేటప్పుడు చెబుదామనుకుంది. ఆయన ముఖం చూసి, ఇప్పుడు కాదులే అనుకుంది. ఆ గుడ్డ మీద ఆయన నంబరు కుట్టి ఉంటే పిల్ల పేరు ఈ మాటల్లోకి వచ్చేదే కాదు. తన పిరికితనమే కూతురికి పలుపుతాడైందని తెలిసి కూడా నోరు పెగలడంలేదు. ఇంతకంటే సిగ్గు ఇంకేముంటుంది?

సందు మొదట్లో మోటారుసైకిలు చప్పుడైంది.

మున్నీ బీ నస్రీన్ మణికట్టు పట్టుకుని వంటింటి తలుపు వెనక్కి లాగింది. ఎముకల చేతిలో అంత బలం ఎక్కడుందో. "చప్పుడు చెయ్యకు. విను. స్టాండు మెల్లిగా వేస్తే పర్లేదు. గట్టిగా వేశాడంటే ఇవాళ మన పని అయిపోయినట్టే" అని చెవిలో చెప్పింది.

నస్రీన్ అప్పటికే వింటోంది. బండి సందు తిరగ్గానే టీవీ తగ్గించడం, చున్నీ సర్దుకోవడం, స్టాండు చప్పుడు కోసం ఊపిరి బిగబట్టడం, ఇవన్నీ తనొక్కతే చేస్తుందనుకుంది ఇన్నాళ్లూ. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి అదేమంత విషయమనుకుంది. ఇప్పుడీ ముసలామె, కన్నకొడుకు పేరు పోయి, అల్లా పేరు కూడా అప్పుడప్పుడూ పోయి, ఇదొక్కటి పోగొట్టుకోకుండా దాచుకుంది. లోతున దిగినవి చివర్న పోతాయన్నాడు డాక్టరు. ఆఫ్రీన్ మొదటిసారి అమ్మీ అన్న రోజు, పుట్టింటి పెరట్లో సన్నజాజులు, పెళ్లికి ముందు తను పాడుకున్న పాటలు, ఇవన్నీ కరిగిపోయాక తనలో కూడా చివరికి మిగిలేది స్టాండు చప్పుడేనా? ఆ తలుపు వెనక తన పక్కన ఇరుక్కుని నిలబడేది ఆఫ్రీనా?

స్టాండు గట్టిగానే పడింది.

"ఏంటమ్మా, తలుపు వెనకేం పని?" అన్నాడు ఆసిఫ్. మున్నీ బీ రెండు మోచేతులూ తలకి అడ్డం పెట్టుకుంది. "నాన్న కాదమ్మా, నేను ఆసిఫ్‌ని" అని విసుక్కుని నస్రీన్ వైపు తిరిగాడు. "నాది అచ్చం నాన్న పోలిక కదా, పాపం అదే చూసి బెదురుతోంది." తండ్రి పోలిక అనేటప్పుడు ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. అమ్మ బెదిరింది ముఖం చూసి కాదు, ముఖం కనపడకముందే అని నస్రీన్ అనుకుంది, అనలేదు.

అజాన్ వినిపించింది. ఖర్జూరం, నీళ్లు. ఆసిఫ్ చపాతీ తుంచి ఖీమాలో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. అతని దవడ ఆగిపోయింది. నస్రీన్ ఆరిన బట్టలు తేవడానికి మేడ మీదికెళ్లినప్పుడు మున్నీ బీ ఆ కూరలో గుప్పెడు ఉప్పు పోసిందని అప్పుడు తెలిసింది.

"ఇది తిండా? పొద్దుట్నుంచి కడుపు మాడ్చుకునేది ఇందుకా?" కంచం తోసేశాడు. అది కింద పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ మీద జారి నీళ్లగ్లాసుని పడగొట్టింది. అంతే. అంతకు మించి ఏమీ జరగలేదు.

కింద కూర్చుంటే లేపడానికి ఇద్దరు మనుషులు కావలసిన మున్నీ బీ తనంతట తను లేచింది. రెండడుగులు వేసి నస్రీన్ ఒళ్లో కూలబడి, ఆ ఎముకల చేతులు రెండూ ఆమె తలకి అడ్డం పెట్టింది. "ఈ పిల్లని కొట్టకయ్యా. ఎవరి బిడ్డో. ఉప్పు నేను వేశాను, నన్ను కొట్టు" అంది. నస్రీన్ ఒళ్లోకి వెచ్చగా తడి దిగింది. భయంతో ఆవిడ చీర తడిపేసుకుంది.

ఆసిఫ్ ముఖం పాలిపోయింది. "నేనెప్పుడు కొట్టాను? నస్రీన్, నువ్వు చెప్పు. ఇరవై రెండేళ్లలో ఒక్క దెబ్బ వేశానా?"

లేదండి అన్న మాట నోట్లో సిద్ధంగా ఉంది. అది నిజం కూడా. మా ఆయన చెయ్యెత్తడని అక్కచెల్లెళ్ల దగ్గర గొప్పగా చెప్పుకున్నది ఆమే.

"లేదండి, కొట్టలేదు" అంది. ఆసిఫ్ ఊపిరి పీల్చుకున్నాడు. "కానీ మీ బండి స్టాండు ఎలా పడుతుందా అని నేను కూడా వింటానండి. రోజూ వింటాను. మీ అమ్మగారికి ఆరోగ్యం బాగున్న రోజుల్నుంచీ."

ఆ గొంతు తనదేనా అనిపించింది. అతనేమంటాడో, ఏం చేస్తాడో తెలియదు. లేచి పోదామన్నా ఒళ్లో అత్తగారు.

ఫోను మోగింది. ఇఫ్తార్ అయ్యాక ఆఫ్రీన్ రోజూ చేస్తుంది. రెండు చేతులూ మున్నీ బీని పట్టుకుని ఉన్నాయి గనక నస్రీన్ చిటికెనవేలితో స్పీకరు నొక్కింది.

"అమ్మీ," అంది ఆఫ్రీన్ గుసగుసగా. సలాం కూడా చెప్పలేదు. "అబ్బా పక్కనే ఉన్నారా? ఇవాళ మూడ్ బాగుందా?"

నస్రీన్ తల ఎత్తి ఆసిఫ్‌ని చూసింది. పందొమ్మిదేళ్ల పిల్ల, యాభై కిలోమీటర్ల అవతల హాస్టల్లో, గొంతు తగ్గించి అడుగుతోంది. ఆ తలుపు వెనక్కి అది ఎప్పుడో వచ్చేసింది, తనే చూసుకోలేదు.

"ఇక్కడే ఉన్నారమ్మా, వింటున్నారు. విననీ. ఆదివారం అబ్బా వచ్చి పెట్టె సర్దుకోమంటే సర్దకు. నువ్వు చదువు ఆపడంలేదు. దాదీకి కొడుకులిద్దరున్నారు, నేనున్నాను. ఎవరి వంతు వాళ్లు చేస్తాం. నీ వంతు ఏమీ లేదు."

దస్తర్‌ఖాన్ అంచు మీద ఆసిఫ్ వేళ్లు బిగుసుకున్నాయి.

"అమ్మీ, ఫోను పెట్టేశాక నీకేం కాదు కదా?" అంది ఆఫ్రీన్.

"తెలీదమ్మా" అంది నస్రీన్, భర్త ముఖం మీంచి చూపు తిప్పకుండా. "నువ్వు మాత్రం రాకు."